విశాఖ, అరకు ప్రయాణం: గది తుడిచిన చేతికి ఏమిచ్చాం?

ఫోను ఛార్జర్ మరిచిపోయి మూడో అంతస్తులోని మా గదికి వెనక్కి వెళ్లేసరికి తలుపు బార్లా తీసి ఉంది. హౌస్‌కీపింగ్ ఆవిడ మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చుని, మా బాబు రాత్రి ఒలకబోసిన ఉగ్గు మరకను తడిగుడ్డతో రుద్దుతోంది. ఎండి చెక్కు కట్టిన ఉగ్గు ఒక పట్టాన వదలదు. గోటితో గీకడం, గుడ్డతో తుడవడం, మళ్లీ గోటితో గీకడం. నన్ను చూడగానే గబుక్కున లేచి, "ఐదు నిమిషాల్లో అయిపోతుంది మేడమ్" అంది, తప్పు తనదే అయినట్టు. నేలంతా మరమరాలు, కుర్చీ మీద తడి తువ్వాళ్లు, స్నానాల గదిలో బాబు డైపర్ల సంచి. ఆ చెత్తంతా మాది.

నా చేతిలో పర్సు లేదు. ఛార్జర్ తీసుకుని "థాంక్సమ్మా" అని వచ్చేశాను. సింహాచలం కొండ ఎక్కేదాకా ఆ గోరే కళ్ల ముందు మెదిలింది. ఐదు రోజుల ఈ ప్రయాణంలో ఏ గది బాగుంది, ఏ భోజనం బాగుంది అన్నవి రాస్తాను గానీ, ఎవరి చేతుల మీదుగా అవి మాకు అందాయో, వారికి మేమేమిచ్చామో కూడా రాయకపోతే ఈ రాతకు అర్థం లేదు.

బాబుకు పదకొండో నెల. పుట్టువెంట్రుకలు సింహాచలం అప్పన్నకే ఇస్తామని అత్తయ్య మొక్కుకున్నారు. మేనమామ ఒడిలో కూర్చోబెట్టాలి కాబట్టి తమ్ముడు డల్లాస్ నుంచి వచ్చాడు. 2025 కార్తీక మాసం చివరి రోజుల్లో, నలుగురు పెద్దవాళ్లం, చంకలో బాబు, రాత్రి రైల్లో బయలుదేరాం. దువ్వాడ దాటగానే ఏసీ బోగీ కుర్రాడు దుప్పట్లు పోగు చేయడం మొదలుపెట్టాడు. చేతి తువ్వాలు ఒక్కటి తగ్గినా తన జీతంలోంచి కోస్తారని చెప్పాడు. మా నాలుగు బెర్తుల దుప్పట్లు మడతపెట్టి, తువ్వాళ్లు లెక్కపెట్టి ఇచ్చాం. పైన యాభై రూపాయలు ఇచ్చాం. కానీ అతని ముఖం తేరుకున్నది డబ్బు చూసి కాదు, తువ్వాళ్ల లెక్క సరిపోయినప్పుడు.

హోటలు బీచ్ రోడ్డుకు రెండు వీధుల వెనుక ఉంది. గదికి రోజుకు 3,000, దాని మీద జీఎస్టీ 150. 2025 సెప్టెంబరు 22కు ముందైతే ఈ ధరకు పన్ను 12 శాతం, అంటే 360 అయ్యేది. పడకలు, వేడినీళ్లు, ఉదయం పెట్టిన పెసరట్టు ఉప్మా, అన్నీ బాగున్నాయి. సముద్రం కనిపించే గది అన్న మాట మాత్రం నిజం కాదు. కిటికీలోంచి మెడ బయటికి పెడితే రెండు మేడల సందులో జానెడు నీలం కనిపిస్తుంది. లిఫ్టులో ముగ్గురికి మించి పట్టరు. అయినా గది అద్దంలా ఉంది కనుక మళ్లీ వెళ్తే అక్కడే దిగుతాను. ఆ అద్దంలా ఉండటం వెనుక ఎవరున్నారో మొదటిరోజు నాకు తట్టలేదు.

ఆ సాయంత్రం రామకృష్ణా బీచ్‌లో కురుసుర జలాంతర్గామి చూశాం. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో సేవ ముగించుకుని, మరుసటి ఏడు ప్రదర్శనశాలగా ఒడ్డుకు చేరిన నౌక. బాబును ఎత్తుకుని ఆ ఇరుకు దారుల్లో వంగి నడవడం కష్టమే గానీ తప్పక చూడాలి. లోపల వివరించేది రిటైరైన నౌకాదళం వారే. అంత ఓపికగా చెప్పినందుకు అత్తయ్య వంద రూపాయలు తీయబోతే ఆ పెద్దమనిషి చేయి అడ్డం పెట్టి, "వద్దమ్మా, నాకు పెన్షన్ వస్తుంది" అన్నారు. ఆ మాట నాకు బాగా గుర్తుండిపోయింది. వద్దనాలన్నా వెనుక ఒక ఆధారం ఉండాలి.

రెండో రోజు సింహాచలం. ఏడాదంతా చందనం పూతలోనే ఉండే స్వామి అక్షయ తృతీయ నాడు మాత్రమే నిజరూపంలో దర్శనమిస్తాడు. కార్తీకం రద్దీ ఉన్నా బాబు ఏడవలేదు. తమ్ముడి ఒడిలో కూర్చుని చుట్టూ చూస్తుండగానే కత్తి పని ముగిసింది. అప్పుడు అత్తయ్య సంచిలోంచి చిన్న ఇత్తడి పళ్లెం తీశారు. తమలపాకులు, వక్క, రెండు అరటిపళ్లు, కొత్త తువ్వాలు, దాని మీద 516 రూపాయలు. "టికెట్ కొన్నాం కదమ్మా" అన్నారు మా వారు. "టికెట్ దేవస్థానానికి. ఇది పిల్లాడి తల మీద మొదటి కత్తి పెట్టిన చేతికి" అన్నారు అత్తయ్య. క్షురకుడు రెండు చేతులా అందుకుని కళ్లకద్దుకున్నాడు.

ఇవ్వడం మన ఇళ్లలో కొత్త కాదు. పురోహితుడికి దక్షిణ, బాజాభజంత్రీల వారికి సంభావన, పురుడు పోసిన ఆవిడకు చీర. ఎంత ఇవ్వాలి, ఎలా ఇవ్వాలి అన్నది పెద్దవాళ్లకు కంఠతా వచ్చు. ఆ ఇచ్చేదానికి ఒక గౌరవమైన పేరుంది, పళ్లెం ఉంది, రెండు చేతులున్నాయి. హోటల్‌కు వచ్చేసరికి ఇవేవీ ఉండవు. పక్క ఎవరు వేశారో చూడం, పేరు అడగం. ఇస్తే గిస్తే జేబులో మిగిలిన చిల్లర దిండు మీద పడేసి వస్తాం. నేను చేసిందీ ఇన్నాళ్లూ అదే.

కొండ దిగి ఊళ్లో ఒక పెద్ద రెస్టారెంట్‌లో భోంచేశాం. రొయ్యల ఇగురు చాలా బాగుంది. బిల్లు 2,140, దానికి పది శాతం సర్వీస్ చార్జి 214 కలిపారు. అడగకుండా సర్వీస్ చార్జి వేయకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులైలోనే మార్గదర్శకాలిచ్చింది. హోటళ్ల సంఘాలు కోర్టుకు వెళ్తే 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. మా వారు ఆ మాట చెప్పగానే మారు మాట్లాడకుండా తీసేశారు. అంటే వారికీ తెలుసు. ప్లేట్లు తీస్తున్న కుర్రాడిని, "ఈ చార్జి వేస్తే మీకు చేరుతుందా బాబూ?" అని మెల్లగా అడిగాను. అతను క్యాష్ కౌంటర్ వైపు ఒకసారి చూసి, "కొంచెం" అన్నాడు. ఆ చూపే నాకు సమాధానం. నూట యాభై అతని చేతికే ఇచ్చాం.

సాయంత్రం బీచ్‌లో మురీ మిక్చర్ తింటూ ఈ విషయమే వాదించుకున్నాం. మా వారిది ఒకటే మాట: "జీతం ఇవ్వాల్సింది యజమాని. మనం టిప్పులిస్తూ పోతే అతను జీతం ఎందుకు పెంచుతాడు?" అందులో నిజముందని తమ్ముడే చెప్పాడు. అమెరికాలో టిప్పులొచ్చే పనివాళ్లకు యజమాని గంటకు 2.13 డాలర్లు ఇస్తే చాలని కేంద్ర చట్టం. 1991 నుంచి ఆ అంకె కదల్లేదు. మిగిలినది టిప్పులతో నిండి కనీస వేతనం 7.25 డాలర్లకు చేరాలి, చేరకపోతే ఆ లోటు యజమాని పూడ్చాలి. తమ్ముడుండే టెక్సాస్‌లో ఇప్పటికీ అదే లెక్క. "అక్కడ టేబుల్ దగ్గరికొచ్చి వడ్డించే మనిషికి పద్దెనిమిది, ఇరవై శాతం తప్పకుండా ఇస్తారక్కా. గది శుభ్రం చేసే మనిషికి మాత్రం చాలామంది ఏమీ పెట్టరు. కనిపించదు కదా" అన్నాడు. తను హోటల్లో దిగితే రాత్రికి ఐదు డాలర్ల చొప్పున, ఏ రోజుది ఆ రోజే, ఒక చీటీ రాసి పెడతాడట.

టిప్పును జీతంలో కలిపే లెక్క మన దగ్గరికి రాకూడదనే నేనూ కోరుకుంటాను. జీతం యజమాని బాధ్యత, అందులో రాజీ లేదు. కానీ రేపు పొద్దున మా గది తుడవబోయే మనిషికి, జీతాలు పెరిగేదాకా ఆగమని నేనెలా చెప్పను? పన్ను తగ్గడం వల్ల గదికి రోజుకు 210 రూపాయలు మాకు మిగిలాయి. అందులో యాభయ్యో, చిన్నపిల్లలు ఉంటే వందో ఆమెకు ఇస్తే మా ప్రయాణం ఖర్చు పెరగదు.

ఇంకో చిక్కు ఉంది. అన్నిటికీ ఫోనులో స్కాన్ చేయడమే అలవాటై పర్సులో నోట్లు ఉండటం లేదు. టీ కొట్టులో క్యూఆర్ కోడ్ ఉంటుంది గానీ చీపురు పట్టుకున్న మనిషి దగ్గర ఉండదు. నలభయ్యో యాభయ్యో ఇవ్వడానికి ఒప్పుకునే మనసు, చేతిలో ఐదు వందల నోటు మాత్రమే ఉంటే అసలు కదలదు. ఆ రాత్రి మందుల షాపులో, పాలబూత్‌లో అడిగి అడిగి యాభై నోట్లు పోగు చేశాను.

మూడో రోజు తెల్లవారకముందే అరకు రైలుకు బయలుదేరాలి. రెండు వందలు ఒక కవరులో పెట్టి, "గది శుభ్రం చేసే అమ్మకు" అని రాసి టేబుల్ మీద ఉంచాం. కిందికి దిగేసరికి సామాన్లు మోసే కుర్రాడు, వాచ్‌మన్, తలుపు తీసే పెద్దాయన ముగ్గురూ వరసగా నిలబడి నమస్కారం పెట్టారు. వాళ్లకూ ఇచ్చాం. వాళ్లదీ కష్టమే. అయితే రెండు రోజులు మా మురికి ఎత్తిన మనిషి ఆ వరసలో లేదు. ఆమె పని ఎనిమిదింటికి మొదలవుతుంది.

కిరండూల్ రైల్లో అద్దాల బోగీకి ముందే టికెట్లు తీసుకున్నాం. సొరంగం చీకట్లోంచి బయటపడ్డ ప్రతిసారీ లోయ ఇంకొంచెం లోతుగా కనిపిస్తుంది. అరకు లోయలో వలిసె పూలు ఇంకా పసుపుపచ్చగా పరుచుకుని ఉన్నాయి. ఈ ప్రయాణంలో కళ్లకు పండగంటే అదే. బస మాత్రం అంతంతమాత్రం: కాటేజీ కిటికీలు సరిగ్గా మూసుకోవు, గీజరు పనిచేయదు. తెల్లవారి ఐదింటికి ఒక కుర్రాడు కట్టెల పొయ్యి మీద కాగిన నీళ్లు రెండు బకెట్లు మెట్లెక్కి మోసుకొచ్చాడు. చలికి అతని పెదవులు పగిలి ఉన్నాయి. వంద ఇవ్వబోతే తీసుకోలేదు. గోడ మీద బోర్డు చూపించాడు: సిబ్బందికి టిప్పులు ఇవ్వరాదు. ఇచ్చి అతని పని పోగొట్టడం నాకిష్టం లేదు. మేనేజర్‌ను అడిగితే, అతిథులను పీడించకుండా ఆ నిబంధన పెట్టామన్నాడు. "మరి గీజరు బాగుచేయించండి, ఆ అబ్బాయికి బకెట్ల బరువైనా తప్పుతుంది" అన్నాను. అతిథుల పుస్తకంలో కుర్రాడి పని గురించి నాలుగు వాక్యాలు, గీజరు గురించి రెండు వాక్యాలు రాసి వచ్చాను.

విశాఖ నుంచి మా కోసం కారు తెచ్చిన డ్రైవర్‌కు రోజు బత్తా 400 ముందే మాట్లాడుకున్నాం. ఆయన ఎక్కడ పడుకుంటాడో మాత్రం అడగలేదు. రాత్రి బాబు పాలసీసా కోసం కారు దగ్గరికి వెళ్తే, అద్దాలకు పొగమంచు పట్టి ఉంది, సీటు వెనక్కి వాల్చి తువ్వాలు కప్పుకుని ముడుచుకుని ఉన్నాడు. డ్రైవర్లకు ఇక్కడ పడక ఉండదన్నాడు. పక్కనే ఉన్న లాడ్జిలో 300కు మంచం దొరికింది. మరుసటి రోజు అనంతగిరి ఘాట్ రోడ్డు మీద మమ్మల్నందరినీ దించుకురావాల్సింది ఆయనే. కొండ ప్రాంతాలకు కారు మాట్లాడుకునేవారు డ్రైవర్ పడక సంగతి బస ఖాయం చేసుకునేటప్పుడే అడగండి. చివర్లో ఇచ్చే ఐదు వందల కన్నా ఆ రాత్రి నిద్ర ఆయనకు ఎక్కువ.

బొర్రా గుహల్లో మెట్లు తడిగా ఉన్నాయి, పెద్దవాళ్లతో వెళ్తే తొందరపడకూడదు. అత్తయ్య సగం దాకా దిగి ఆగిపోయారు. గాలికొండ దగ్గర కాఫీ తాగి, రాత్రి పదింటికి విశాఖ హోటల్‌కు చేరాం.

మరునాడు తొమ్మిదింటికి తలుపు తట్టింది ఆవిడే. "కవరు అందిందామ్మా?" అని అడిగాను. "ఏ కవరు మేడమ్?" అంది. మేము అరకు వెళ్లిన రోజు ఆమెకు వారపు సెలవట. మా గది ఇంకొకామె శుభ్రం చేసింది. "ఆమె తీసుకుని ఉంటుందిలెండి. ఆమెకూ ఇద్దరు పిల్లలు" అంది, మనసులో ఏమీ పెట్టుకోకుండా. తమ్ముడు నావైపు చూశాడు. ఏ రోజుది ఆ రోజే అన్నది అందుకే.

మాటల్లో చెప్పింది: రోజుకు పద్నాలుగు గదులు. జీతం పదకొండు వేలు, అది హోటలు కాదు, కాంట్రాక్టరు ఇస్తాడు. రానూపోనూ ఆటోకు అరవై. మంచం కింద వంగి వంగి మోకాలు అరిగిందని డాక్టరు చెప్పాడు. టిప్పు వస్తుందా అంటే, "వారానికి ఒకరో ఇద్దరో పెడతారు మేడమ్. బిస్కెట్ ప్యాకెట్లు వదిలేసి వెళ్లేవాళ్లు ఎక్కువ" అంది.

నేను పర్సు తీసేలోపే అత్తయ్య లేచారు. ఆవిడ ఎక్కడికి వెళ్లినా సంచిలో రవికె గుడ్డలుంటాయి. కుంకుమ భరిణె తీసి బొట్టు పెట్టి, రవికె గుడ్డ, టిఫిన్ దగ్గర తీసిపెట్టుకున్న రెండు అరటిపళ్లు పళ్లెంలో పెట్టారు. నేను నాలుగు యాభై నోట్లు పైన ఉంచాను. ఆమె చేతులు యూనిఫారానికి రెండుసార్లు తుడుచుకుని గానీ పళ్లెం ముట్టుకోలేదు. తర్వాత గంధం రాసిన బాబు గుండును వేలి చివరతో తాకి, "అప్పన్న దగ్గరేనా?" అంది. వాడు ఆమె వేలు పట్టుకుని వదల్లేదు.

"దుప్పట్లు మార్చమంటారా మేడమ్?"

"వద్దమ్మా, నిన్న రాత్రే కదా వచ్చాం. శుభ్రంగా ఉన్నాయి" అన్నాను.