పుదుచ్చేరి పాత బంగ్లా హోటళ్లు: పేరు కాదు, గది చూసి బుక్ చేయండి

బెజవాడ నుంచి చెన్నై దాకా రైలు, అక్కడి నుంచి ఈసీఆర్ (సముద్రం పక్కన సాగే ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద బస్సు. చెన్నై తర్వాత సుమారు 150 కిలోమీటర్లు. పుదుచ్చేరిలో కాలవకి సముద్రం వైపున్నది ఫ్రెంచి పేట. హోటళ్లుగా మారిన పాత ఇళ్లు ఎక్కువగా అక్కడే ఉన్నాయి. రోమా రోలా వీధిలో హోటల్ ద లోరియాఁ నడిచిన ఇల్లు ఒకప్పుడు విద్యాశాఖ కార్యాలయం.

ఈ ఇళ్లలో ఏ రెండు గదులూ ఒకేలా ఉండవు. అద్దె ఒకటే అన్నా సుఖం ఒకటి కాదు. కింది గదుల్లో చెమ్మ ఎక్కువ. సున్నపు గోడ నేల తడిని పీల్చి గాలికి వదిలేస్తుంది. దానిమీద సిమెంటు పూసి ప్లాస్టిక్ పెయింటు వేస్తే తడి లోపలే ఆగి, ఉప్పు పొంగి, పెచ్చులు రాలతాయి. గదిలోకి వెళ్లగానే మంచం వెనక, అడుగు ఎత్తులో గోడ తడిమి చూడండి. మెత్తగా తగిలితే గది మార్చమనండి.

పై గదులకి ఎండ బాధ. టేకు దూలాల మీద ఇటుకలు నిలువుగా పేర్చి సున్నంతో వేసిన మద్రాసు టెర్రస్ కప్పు పగలంతా కాగి, రాత్రి ఆ వేడి దించుతుంది. పైకప్పు 15 అడుగులుంటే, అదే వైశాల్యంలో 10 అడుగుల గదికన్నా ఒకటిన్నర రెట్లు గాలిని ఏసీ చల్లబరచాలి. సీలింగ్ ఫ్యాన్, దోమతెర ఉన్నాయో లేదో ఫోన్లోనే అడగండి. లోపలి ముంగిట చెట్లున్న ఇల్లు పగలు హాయి, సంధ్యవేళ దోమలు.

పెద్దవాళ్లతో వెళ్తుంటే మెట్ల సంగతి ముందే తేల్చుకోండి. చాలా ఇళ్లలో లిఫ్టు ఉండదు, చెక్క మెట్లు నిటారుగా ఉంటాయి. కొత్తగా కట్టి పాత రూపం ఇచ్చిన హోటళ్లు ఈ విషయంలో నయం, కాకపోతే వాటికి పాత ఇంటి ధర ఇవ్వనక్కర్లేదు. బాత్రూములు తర్వాత అతికించినవి కాబట్టి నీళ్లు సరిగా వాలవు, గుమ్మం ఎత్తుగా ఉంటుంది. కారుంటే పార్కింగ్ ఎక్కడో అడగండి. బీచ్ రోడ్డు మీదికి సాయంత్రం నుంచి మర్నాడు ఉదయం దాకా వాహనాలు రానివ్వరు.

భోజనం గుంటూరు నాలుకకి చప్పనే. కొబ్బరిపాల కూరలు బాగుంటాయి, కారం మాత్రం విడిగా అడగాలి.

జనం వద్దనుకుంటే ఇంకా దక్షిణాన, 120 కిలోమీటర్ల దూరంలో తరంగంబాడి ఉంది. డేన్లు (డెన్మార్క్ వాళ్లు) 1620లో అడుగుపెట్టి, 1845లో ఇంగ్లీషువాళ్లకి అమ్మేసిన ఊరు. డాన్స్‌బోర్గ్ కోట ఎదుట, సముద్రం ఒడ్డున పాత కలెక్టరు బంగ్లాలో హోటలుంది. ఊళ్లో వేరే తిండి తక్కువ, రాత్రి భోజనం ముందే చెప్పుకోవాలి. రెండిటికీ జనవరి, ఫిబ్రవరి మంచివి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా అక్కడ ఈశాన్య వానలు.