ఫైలు మూస్తే పెండింగ్ రీడ్ సంగతేంటి: ఉంచడమా, ఆగడమా, రద్దు చేయడమా?

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి బస్తాలు తూచే ఎలక్ట్రానిక్ కాంటాకు కెర్నల్ డ్రైవర్ (ఆపరేటింగ్ సిస్టమ్ లోపల ఉండి పరికరాన్ని నడిపే ప్రోగ్రామ్) రాస్తున్నారనుకోండి. కాంటాను ఫైలులా తెరిచిన ఒక ప్రోగ్రామ్ అసింక్రనస్ రీడ్ (జవాబు కోసం ఆగకుండా బరువు చదవమనే అభ్యర్థన) వేసింది. కాంటా మీద బస్తా లేదు కాబట్టి అది పెండింగ్‌లోనే ఉంది. ఈలోగా ప్రోగ్రామ్ ఫైలు క్లోజ్ చేసింది. ఇప్పుడా రీడ్‌ను ఏం చేయాలి? యూనిక్స్ తరహా సిస్టమ్‌ల ప్రమాణమైన పోసిక్స్ అయితే రద్దు చేయొచ్చు, చేయకపోనూవచ్చు అంటుంది.

లైనక్స్ దాన్ని ఉంచుతుంది. దాని అసింక్రనస్ ఇన్‌పుట్-అవుట్‌పుట్ ఏర్పాటైన ఐఓ యూరింగ్‌లో వేసిన ప్రతి రిక్వెస్టూ ఫైలు మీద ఒక రెఫరెన్స్ (ఇంకా వాడుతున్నామనే లెక్క) పట్టుకుంటుంది. క్లోజ్‌తో పోయేది డిస్క్రిప్టర్ నంబరే, అంటే ప్రోగ్రామ్ ఆ ఫైలును పిలిచే అంకె. డిస్క్ రీడ్‌కు ఇదే సరైన పద్ధతి. డీఎంఏ (పరికరం నేరుగా మెమరీలో రాయడం) ఒకసారి మొదలయ్యాక మధ్యలో ఆపడం దాదాపు కుదరదు, ఎలాగూ కాసేపట్లో అదే పూర్తవుతుంది.

కాంటా సంగతి వేరు. బస్తా పెట్టేదాకా ఆ రెఫరెన్స్ పోదు, చివరి రెఫరెన్స్ పోయాక డ్రైవర్‌లో నడవాల్సిన రిలీజ్ ఫంక్షన్‌కు పిలుపు రాదు. ఒకసారికి ఒక్కరే తెరవాలనే డ్రైవరైతే మళ్లీ ఓపెన్ చేసినప్పుడు ఈబిజీ (పరికరం వాడుకలో ఉందనే ఎర్రర్) ఇస్తుంది. అందరినీ తెరవనిచ్చే డ్రైవరైతే ఇంకా ప్రమాదం: మొదటి బస్తా బరువును పాత రీడే మింగేస్తుంది, కొత్త ప్రోగ్రామ్‌కు లెక్కలో ఒక బస్తా తగ్గుతుంది.

రద్దును రిలీజ్‌లో పెడదామంటే అది పనికిరాదు, ఆ రీడ్ ఉన్నంతకాలం రిలీజే రాదు. ఫ్లష్ అనే మరో డ్రైవర్ ఫంక్షన్‌లో పెడితే అది ప్రతి క్లోజ్‌కూ వస్తుంది. డూప్‌తో డిస్క్రిప్టర్‌కు నకలు చేసుకున్న, లేదా ఫోర్క్‌తో (ప్రాసెస్ తన నకలును పుట్టించడం) పుట్టిన ప్రాసెస్ ఇంకా వాడుతుండగానే దాని రీడ్ కూడా పోతుంది.

క్లోజ్‌లోనే ఆగి చూడటం మూడింటిలోకీ నాసిరకం. బస్తా రాకపోతే క్లోజ్ తిరిగి రాదు. డ్రైవర్ ఆ నిద్రను సిగ్నల్‌కు లేవని రకంగా పెడితే ప్రోగ్రామ్‌ను బలవంతంగా చంపే కిల్ మైనస్ 9 కూడా పనిచేయదు.

విండోస్ ఇక్కడ మెరుగు. చివరి హ్యాండిల్ (డిస్క్రిప్టర్ లాంటిదే) మూయగానే డ్రైవర్‌కు క్లీనప్ ఐఆర్‌పీ (కెర్నల్ డ్రైవర్‌కు పంపే అభ్యర్థన) వస్తుంది. ఆ ఫైలు మీద పెండింగ్‌లో ఉన్నవన్నీ అక్కడే స్టేటస్ క్యాన్సిల్డ్ (రద్దయింది) అనే కోడ్‌తో ముగించాలి. చివరి రెఫరెన్స్ పోయాకే క్లోజ్ ఐఆర్‌పీ. లైనక్స్ ఫ్లష్, రిలీజ్‌ల మధ్య లేనిది ఈ మెట్టే.

కాబట్టి దానంతటదే ముగిసే పనిని ఉంచండి. బయటి మనిషో పరికరమో కదిలితేగానీ ముగియని పనిని రద్దు చేయండి. లైనక్స్‌లో ఆ భారం ప్రోగ్రామ్‌దే. క్లోజ్‌కు ముందే ఐఓ యూరింగ్‌లో అసింక్ క్యాన్సిల్ (రద్దు అభ్యర్థన) వేయాలి, దాంతోపాటు ఎఫ్‌డీ (ఈ డిస్క్రిప్టర్ మీదివి), ఆల్ (అన్నీ) ఫ్లాగులు పెట్టాలి (5.19 కెర్నల్ నుంచి ఉన్నాయి). తరువాత వేస్తే ఆ నంబరు ఈపాటికి వేరే ఫైలుది అయ్యుండొచ్చు. పాత రీడ్ తాలూకు కంప్లీషన్ (ముగిసిందనే జవాబు), మామూలుగా మైనస్ 125 అంటే రద్దయిందని, చేతికొచ్చేదాకా బఫర్‌ను (రీడ్ ఫలితం పడే మెమరీ) ఫ్రీ చేయకండి. ఆల్ లేకుండా వేసిన క్యాన్సిల్‌కు జవాబు ఈఆల్రెడీ (ఇప్పటికే నడుస్తోంది) అని వస్తే రీడ్ ఇంకా నడుస్తున్నట్టే, కెర్నల్ ఆ బఫర్‌లో రాయొచ్చు.