పోయిన ఫోన్ కోసం సీఈఐఆర్ వాడాను, నా అనుభవం

సికింద్రాబాద్ జేబీఎస్ బస్టాండ్‌లో బస్సెక్కే తోపులాటలో అమ్మ ఫోన్ పోయింది. ఫోన్ పోయిందన్న బాధ కంటే అందులో ఉన్న నాన్న ఫొటోల గురించే ఆమె బెంగంతా. పోలీస్ స్టేషన్లో ఫిర్యాదు ఇచ్చి, అదే నంబరుకు కొత్త సిమ్ తీసుకుని, సంచార్ సాథీ అనే ప్రభుత్వ సైట్లో, పోయిన ఫోన్లను బ్లాక్ చేసే సీఈఐఆర్‌లో రిక్వెస్ట్ పెట్టాను. టెలికాం శాఖ 2023 మే 17న దేశమంతటా మొదలుపెట్టిన సర్వీసు ఇది, పైసా ఖర్చు లేదు. ఒక్కో ఫోన్‌కి ఒక్కో గుర్తింపుగా ఉండే 15 అంకెల ఐఎంఈఐ నంబరు అడిగేసరికి టెన్షన్ వచ్చింది, అదృష్టం కొద్దీ బీరువా మీద పాత ఫోన్ డబ్బా దొరికింది, దాని స్టిక్కర్ మీద ఉంది. మీరైతే ఇప్పుడే *#06# కొట్టి ఆ నంబరు ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి.

ఒకసారి బ్లాక్ అయ్యాక ఆ ఫోన్లో ఏ సిమ్ వేసినా పనిచేయదు, కానీ వేసిన సంగతి పోలీసులకు తెలిసిపోతుంది. స్విచాఫ్‌లో ఉన్నన్నాళ్లూ ఏ కబురూ ఉండదు. మాకు 40 రోజులు అలాగే గడిచాయి, నేనైతే ఆశ వదిలేసుకున్నాను.

ఒకరోజు కానిస్టేబుల్ ఫోన్ చేసి "ఫోన్ డిటెక్ట్ అయిందమ్మా, దొంగ ఇంకా కాలేదు" అన్నారు. ఆ ముక్క నాకు స్టేషన్‌కి వెళ్లాక అర్థమైంది. ఐఎంఈఐ చెప్పేది ఆ ఫోన్లో ఫలానా సిమ్ పడిందని మాత్రమే. ఆ సిమ్ నిజామాబాద్ వైపు ఒక తాపీమేస్త్రీది, బిల్లు లేకుండా మూడు వేలకు కొన్నాడట, సిగ్నల్ రావట్లేదేమిటా అని చూసుకుంటున్నాడట. సిమ్ ఆయన పేరున ఉంది కదా అని దొంగ అనేస్తే చాలా అన్యాయం. దొంగ సొత్తని తెలిసి, లేదా తెలియడానికి తగిన కారణం ఉండి కూడా దురుద్దేశంతో తీసుకుంటేనో, ఉంచుకుంటేనో భారతీయ న్యాయ సంహిత (బీఎన్ఎస్) సెక్షన్ 317 కింద నేరం. ఆచూకీ దొరకడం వేరు, ఫలానావాడే తీశాడని కోర్టులో రుజువు కావడం వేరు, ఆ మధ్యలో పనంతా మనుషులు వెళ్లి, విచారించి చేయాల్సిందే. మా కేసులో అసలు తీసినవాడు ఇప్పటికీ తెలియలేదు.

ఫోన్ చేతికొచ్చింది, స్క్రీన్ మూలన పాత గీత అలాగే ఉంది, కానీ ఎవరో రీసెట్ చేసేశారు, నాన్న ఫొటోలు లేవు. అమ్మ ఆ గీత మీద వేలు పెట్టి చాలాసేపు కూర్చుంది.

పాత ఫోన్ కొనేవాళ్లు ఇంగ్లిషులో కేవైఎం అని కొట్టి, ఖాళీ వదిలి, ఐఎంఈఐ నంబరు వేసి 14422కి మెసేజ్ పెట్టండి. బ్లాక్‌లిస్ట్ అని వస్తే డబ్బులివ్వకండి. మేస్త్రీకి ఇది ఎవరూ చెప్పలేదు. ఇంకోటి, దొరికిన ఫోన్ దానంతటదే పనిచేయదు, సైట్లో అన్‌బ్లాక్ కూడా మనమే పెట్టుకోవాలి, అందుకని రిక్వెస్ట్ ఐడీ జాగ్రత్త.