పూటకో రూపం మార్చే హెచ్ఐవీ మీద ఏది మేలు: టీకానా, యాంటీబాడీనా, రోజూ మాత్రా, ఆర్నెల్లకో ఇంజెక్షనా?

కొవిడ్‌కి ఏడాదిలో టీకా వచ్చేసింది, హెచ్ఐవీ వైరస్‌ని 1983లోనే పట్టుకున్నారు కదా మరి దానికి ఇంకా ఎందుకు రాలేదు అని చాలామంది అడుగుతుంటారు. న్యాయమైన ప్రశ్నే. దీనికి జవాబు చాలావరకు ఆ వైరస్ మారే తీరులోనే ఉంది, అది అర్థమైతే ఇప్పుడు మన చేతిలో ఉన్న వాటిలో ఏది గట్టిది ఏది తేలికగా ఓడిపోతుంది అన్నది కూడా తేలిపోతుంది.

హెచ్ఐవీ జన్యువు చాలా చిన్నది, దాదాపు 9,700 అక్షరాల ఆర్ఎన్ఏ. దాన్ని డీఎన్ఏగా రాసే రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ అనే ఎంజైముకి తప్పు రాస్తే వెనక్కెళ్లి దిద్దుకునే అలవాటు లేదు, సుమారుగా మూడు కాపీలకి ఒక తప్పు పడుతుంది. ఇంతేనా అనిపిస్తుంది గానీ మందులు వాడని మనిషి ఒంట్లో రోజుకి వెయ్యి కోట్ల దాకా కొత్త వైరస్‌లు పుడతాయండి, అంటే ఆ 9,700 అక్షరాల్లో ఎక్కడ ఏ ఒక్క అక్షరం మారాలన్నా ఆ మార్పు ఏదో ఒక వైరస్‌లో రోజూ జరిగిపోతూనే ఉంటుంది, మనం మందు వేసే ముందే. పైగా ఒక్కో వైరస్‌లో రెండు ఆర్ఎన్ఏ కాపీలు ఉంటాయి, ఎంజైము రాస్తూ రాస్తూ ఒకదాని మీంచి ఇంకోదాని మీదకి దూకుతుంది, దాంతో రెండు రకాల వైరస్‌లు ఒకే కణంలో పడితే వాటి లక్షణాలు కలిసిన మూడో రకం తయారవుతుంది. అలా పుట్టి జనంలో పాకిపోయిన కలగలుపు రకాలు ఇప్పుడు బోలెడు.

ప్రపంచం మొత్తం మీద చూస్తే హెచ్ఐవీ-1లో ఎం, ఎన్, ఓ, పీ అని నాలుగు గ్రూపులు. మహమ్మారి మొత్తం దాదాపుగా ఎం గ్రూపుదే, ఆగ్నేయ కామెరూన్ చింపాంజీల నుంచి మనిషికొచ్చి 1920ల ప్రాంతంలో కిన్షాసా నుంచి పాకడం మొదలైందని జన్యువుల లెక్కలు చెప్తున్నాయి. ఆ ఎంలో మళ్లీ ఏ, బీ, సీ, డీ అంటూ సబ్‌టైపులు, ప్రపంచంలో దాదాపు సగం కేసులు ఒక్క సీ సబ్‌టైపువే. హెచ్ఐవీ-2 దారి వేరు, అది పశ్చిమ ఆఫ్రికాలో సూటీ మాంగబీ అనే కోతుల నుంచి వచ్చింది, నెమ్మదిగా ముదురుతుంది, తక్కువగా అంటుతుంది. ఈ తేడాలు మందుల దగ్గర చాలా ముఖ్యం, కింద చెప్తా.

ఇక పోలిక. నేను చూసేది ప్రధానంగా ఒక్కటే: తప్పించుకోడానికి వైరస్ ఎంత నష్టపోవాలి? ఏ నష్టం లేకుండా ఒక్క అక్షరం మార్చుకుని బయటపడగలిగితే ఆ ఆయుధం ఎంత ఖరీదైనదైనా బలహీనమైనదే. మారితే వైరస్సే కుంటిదయ్యే చోట కొడితే అది గట్టి దెబ్బ.

ముందు టీకా. మామూలు టీకా వైరస్ పైనున్న ప్రొటీన్‌ని ఒంటికి చూపించి గుర్తుపట్టమంటుంది. హెచ్ఐవీ పై ప్రొటీన్ జీపీ120 బరువులో సగం దాకా చక్కెరలే, అవి మన కణాలు తయారుచేసిన చక్కెరలే కాబట్టి ఒంటికి పరాయివిగా కనపడవు, ఆ ముసుగు బయట కనపడే భాగాలేమో వైరస్ ఎలా మార్చుకున్నా పెద్దగా నష్టం లేనివి. థాయిలాండ్‌లో జరిగిన ఆర్‌వీ144 ట్రయల్ 2009లో 31 శాతం రక్షణ చూపించింది, అదే ఇప్పటిదాకా బెస్ట్. తర్వాత చాలా రకాల వైరస్‌ల ముక్కలు ఏరి కలిపి మొజాయిక్ టీకా చేశారు, ఐడియా చాలా బాగుంది, వైవిధ్యాన్ని నేరుగా ఎదుర్కొందామనే ప్రయత్నం. కానీ దక్షిణ ఆఫ్రికా ప్రాంతంలో 2,600 మంది యువతులతో చేసిన ఇంబొకోడో 2021లో ఆగిపోయింది, అమెరికా ఖండాల్లో, యూరప్‌లో చేసిన మొజాయికో 2023 జనవరిలో ఆగిపోయింది. అన్ని రకాల వైరస్‌లు చూపించినా ఒంట్లో పుట్టిన యాంటీబాడీలు ఆ వైరస్‌లని అడ్డుకునే రకం కాదు, అక్కడే దెబ్బతింది. ఇప్పుడు యాంటీబాడీలు తయారుచేసే బీ కణాల్లో సరైనవాటిని మొదటి మెట్టు నుంచి మెల్లగా ట్రెయిన్ చేద్దామని చూస్తున్నారు, 2022లో వచ్చిన తొలిదశ ఫలితాల్లో 36 మందిలో 35 మందికి కావాల్సిన మొదటి రకం కణాలు పుట్టాయి. నాకైతే టీకా మీద ఆశ ఇక్కడే ఉంది, కానీ ఇవాళ వాడుకోడానికి టీకా లేదు.

టీకాతో పుట్టించలేకపోతే యాంటీబాడీనే తయారుచేసి ఎక్కిద్దాం అన్నది రెండో దారి. వీఆర్‌సీ01 అనేది వైరస్ మన సీడీ4 అనే రోగనిరోధక కణానికి అతుక్కునే చోటునే పట్టుకుంటుంది, ఆ చోటు ఎక్కువగా మారడానికి వీల్లేదు, మారితే వైరస్ అతుక్కోలేకపోతుంది. కాగితం మీద అద్భుతం. 4,600 మందికి పైగా పాల్గొన్న ఏఎంపీ ట్రయల్స్ ఫలితాలు 2021లో వచ్చాయి, మొత్తం మీద చూస్తే గట్టి రక్షణ కనపడలేదు. లోపల చూస్తే అసలు విషయం తెలుస్తుంది: ఆ యాంటీబాడీకి లొంగే వైరస్‌ల మీద 75 శాతం దాకా పనిచేసింది, కానీ అక్కడ తిరుగుతున్న వైరస్‌లలో అలా లొంగేవి 30 శాతమే. అతుక్కునే చోటు మారకపోయినా దాని చుట్టుపక్కల చక్కెరల్ని, మెలికల్ని మార్చుకుని మిగతావి తప్పించుకున్నాయి. ఒక్క యాంటీబాడీ అస్సలు చాలదు, రెండు మూడు కలిపితే చూడాలి.

మాత్రల దగ్గరికొస్తే ఇక్కడే అసలైన పోలిక, ఎందుకంటే కోట్ల మంది బతుకుతున్నది వీటి మీదే. చాలాకాలం ఫస్ట్‌లైన్‌గా ఉన్నది ఎఫావిరెంజ్. మంచి మందే, వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంత ఉందన్న లెక్క) బాగా తగ్గిస్తుంది. కానీ కె103ఎన్ అనే ఒక్క మ్యుటేషన్ చాలు, మందు కూర్చునే సందు దగ్గర ఒక్క అమైనో ఆమ్లం మారుతుంది, మందు పట్టదు, వైరస్‌కి మాత్రం దాదాపు ఏమీ కాదు కాబట్టి మందు మానేశాక కూడా ఆ మ్యుటేషన్ ఏళ్లతరబడి అలాగే ఉండిపోతుంది. ఇంకో చిక్కు, పేషెంట్ మాత్రలన్నీ ఒకేసారి ఆపేస్తే జతగా ఉన్న మందులు ముందే వెళ్లిపోతాయి, ఎఫావిరెంజ్ ఒక్కటీ రెండు మూడు వారాలు రక్తంలో మిగులుతుంది, ఒంటరి మందు అంటే వైరస్‌కి రెసిస్టెన్స్ (మందుకి లొంగకపోవడం) నేర్పించే ట్యూషన్ లాంటిది. అదీగాక హెచ్ఐవీ-2 మీద ఈ జాతి మందులు పుట్టుకతోనే పనిచేయవు, ఓ గ్రూపులో చాలావాటి మీదా అంతే.

డోలుటెగ్రావిర్ వేరు. వైరస్ తన డీఎన్ఏని మన డీఎన్ఏలో అతికించే ఇంటిగ్రేజ్ ఎంజైముని గట్టిగా పట్టుకుని చాలాసేపు వదలదు. తప్పించుకోడానికి ఆర్263కె లాంటి మార్పు చేసుకుంటే లాభం కొంచెమే, ఎంజైము మాత్రం మందగిస్తుంది. హెచ్ఐవీ-2 మీద కూడా పనిచేస్తుంది. దీనికి జతగా ఇచ్చే లామివుడీన్ కథ ఇంకా బాగుంటుంది, దానికి ఎం184వీ అనే మ్యుటేషన్ వారాల్లోనే వచ్చేస్తుంది, కానీ ఆ మ్యుటేషన్ ఉన్న వైరస్ నీరసపడుతుంది, జతలో ఇచ్చే ఇంకో మందు టెనోఫోవిర్‌కి ఇంకా ఎక్కువ లొంగుతుంది, అందుకే రెసిస్టెన్స్ ఉన్నా డాక్టర్లు ఒక్కోసారి లామివుడీన్ ఆపరు. ఉగాండా, కెన్యా, జింబాబ్వేలో చేసిన నాడియా ట్రయల్‌లో జత మందులకి రెసిస్టెన్స్ ఉన్నవాళ్లలో కూడా డోలుటెగ్రావిర్‌తో 90 శాతం మందిలో వైరస్ అదుపులోకి వచ్చింది. అలాగని అజేయం ఏం కాదు, 2024లో డబ్ల్యూహెచ్‌వో రిపోర్టు సర్వేల్లో 3.9 నుంచి 8.6 శాతం రెసిస్టెన్స్ చూపించింది, వైరల్ లోడ్ ఎక్కువగా ఉండగానే ఈ మందుకి మార్చినవాళ్లలో 19.6 శాతం దాకా వెళ్లింది. వైరల్ లోడ్ టెస్ట్ చేయకుండా మందు మార్చేసి వదిలేస్తే ఎంత మంచి మందైనా అరిగిపోతుంది, ఇది నాకు నిజంగా ఆందోళన కలిగించే విషయం.

చివరిది లెనకపావిర్, ఆర్నెల్లకో ఇంజెక్షన్. వైరస్ జన్యువుని మోసే గుల్ల ఉంటుంది చూడండి, క్యాప్సిడ్, దాదాపు 1,500 ప్రొటీన్ ముక్కలు ఒకదానికొకటి అమరి అయ్యే శంకువు ఆకారం. చాలాచోట్ల ఏది మార్చినా అమరిక చెడుతుంది, అందుకే వైరస్ దాన్ని ఎక్కువ మార్చలేదు. నివారణ కోసం దక్షిణాఫ్రికా, ఉగాండాల్లో చేసిన పర్పస్ 1లో ఈ ఇంజెక్షన్ తీసుకున్న 2,134 మంది స్త్రీలలో ఒక్కరికి కూడా హెచ్ఐవీ రాలేదు, 2024లో ఈ ఫలితం చూసి చాలా సంతోషపడ్డా. పర్పస్ 2లో 2,179 మందిలో ఇద్దరికి వచ్చింది, ఆ ఇద్దరిలోనూ ఎన్74డీ అనే రెసిస్టెన్స్ మార్పు దొరికింది. అంటే క్యాప్సిడ్‌లో కూడా సందులు ఉన్నాయి, తక్కువ అంతే.

నా ఓటు ఇలా: వైరస్ ఉన్నవాళ్లకి చికిత్సగా డోలుటెగ్రావిర్ కలిపిన కాంబినేషన్, ఎఫావిరెంజ్ కంటే ఏ రకంగా చూసినా మేలు. లేనివాళ్లకి, రిస్క్ ఉండి రోజూ మాత్ర వేసుకోవడం కుదరనివాళ్లకి లెనకపావిర్. అదే వైరస్ ఉన్న మనిషికి లెనకపావిర్ ఒక్కటే ఇస్తే పైన చెప్పిన ఒంటరి మందు కథే మళ్లీ మొదలవుతుంది, అందుకే ప్రతి ఇంజెక్షన్ ముందు హెచ్ఐవీ టెస్ట్ తప్పనిసరి. మానేసేటప్పుడు కూడా జాగ్రత్త ఉండాలి, చివరి ఇంజెక్షన్ తర్వాత ఏడాది, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ కాలం మందు కొద్దికొద్దిగా ఒంట్లో ఉంటుంది, ఆ మోతాదు వైరస్‌ని ఆపడానికి చాలదు గానీ మార్చడానికి సరిపోతుంది, కాబట్టి రిస్క్ ఇంకా ఉంటే తర్వాతి ఇంజెక్షన్ వేసుకోవాల్సిన టైముకే రోజువారీ నివారణ మాత్రలకి మారిపోవాలి.