చిత్తడినేలల నడకకు 8×42 బైనాక్యులర్: రెండు వలస కాలాల అనుభవం

సముద్రతీరపు చిత్తడినేలల్లో పక్షులను చూడడానికి గత రెండు వలస కాలాలుగా 8×42 బైనాక్యులర్, అంటే దృశ్యాన్ని 8 రెట్లు పెంచి చూపే, 42 మిల్లీమీటర్ల ముందు లెన్సు ఉన్నది, వాడుతున్నాను. అంతకుముందు నా దగ్గర 10×42 ఉండేది. పక్షులు దూరంగా ఉండే చోట ఎంత దగ్గరగా చూపిస్తే అంత మేలనుకుని దానిని కొన్నాను. ఆ లెక్క తప్పని తెలియడానికి ఒక్క శీతాకాలం సరిపోయింది.

కరకట్ట మీద గాలికి ఎదురుగా నిలబడితే చేతుల్లో పుట్టే వణుకును సైతం ఆ పరికరం 10 రెట్లు చేసి చూపించేది. ఎండ ముదిరాక బురదనేల మీద వేడిగాలి లేచి దృశ్యమంతా అలల్లా కదులుతుంది కనుక, పెంచినకొద్దీ ఎండమావి కూడా పెరుగుతుంది. 8 రెట్ల దానిలో పక్షి కాస్త చిన్నదిగా కనిపించినా నిలకడగా కనిపిస్తుంది. ముందు లెన్సు వ్యాసమైన 42 మిల్లీమీటర్లను 8తో భాగిస్తే వచ్చే 5.25 మిల్లీమీటర్లే కంటికి చేరే కాంతిపుంజం వెడల్పు. 10×42లో అది 4.2 మాత్రమే. పట్టపగలు కంటిపాప కుంచించుకుని ఉంటుంది కాబట్టి ఈ తేడా తెలియదు గానీ, తెల్లవారకముందే మడచెట్ల నీడలో నక్కిన బూడిదరంగు కొంగను వెతికేటప్పుడు స్పష్టంగా తెలుస్తుంది.

నాకు అన్నింటికంటే నచ్చిన గుణం చూపు వెడల్పు. నా పరికరం 8 డిగ్రీల మేర చూపిస్తుంది, అంటే 1,000 మీటర్ల దూరంలో సుమారు 140 మీటర్ల వెడల్పు. నేలమీద ఉన్నప్పుడు ఏ ప్రత్యేకతా లేనట్టు కనిపించే ఎర్రకాళ్ళ ఉల్లంకి, ఎగిరిన క్షణంలో రెక్కల వెనుక అంచున ఉన్న తెల్లని పట్టీతో తనను తాను పట్టిస్తుంది; ఆ క్షణంలో పక్షి చూపు నుంచి జారిపోకుండా ఉండాలంటే వెడల్పే కావాలి.

మిగిలిన దూరాన్ని తగ్గించే పని సముద్రానిది. పోటు పూర్తవడానికి రెండు గంటల ముందే వెళ్ళి ఒకచోట కూర్చుంటే, నీరు బురదను ముంచుతూ వస్తున్నకొద్దీ మేత మేస్తున్న గుంపులు వాటంతట అవే ఒడ్డుకు జరుగుతాయి. మనమే వాటి వైపు నడవడం తగదు. 2022లో గాడ్విట్ అనే తీరపక్షి ఒకటి అలాస్కా నుంచి టాస్మేనియా వరకు 13,560 కిలోమీటర్లు ఎక్కడా ఆగకుండా ఎగిరింది. అంతటి ప్రయాణాలకు కొవ్వు కూడబెట్టుకునే పక్షిని ఒక్కసారి లేపినా దాని మేత సమయం పోయినట్టే.

కళ్ళద్దాలు పెట్టుకునేవారు కొనేముందు కంటికీ వెనుక లెన్సుకూ మధ్య ఎంత దూరం అనుమతిస్తుందో చూసుకోవాలి. నా దానిలో 17 మిల్లీమీటర్లు ఉండడం వల్ల అద్దాలు తీయకుండానే దృశ్యం మొత్తం కనిపిస్తుంది. లోపల నత్రజని నింపి నీరు చొరబడకుండా మూసిన పరికరం కావడంతో, ఇంటికి రాగానే మంచినీటి ధార కింద ఉప్పునూ ఇసుకనూ కడిగి, ఆ తర్వాతే గుడ్డతో తుడుస్తాను. పొడిగా తుడిస్తే లెన్సు పైపూతకు గీతలు పడతాయి.

లోపాలూ ఉన్నాయి. దాదాపు 700 గ్రాముల బరువును సన్నని మెడపట్టీకి వేలాడదీసి ఇవ్వడం తయారీదారు చేసిన పిసినారితనం. రెండు గంటల నడకకే మెడ పట్టేయడంతో భుజాలకు తగిలించుకునే పట్టీ విడిగా కొనుక్కున్నాను. ముందు లెన్సుల మూతల్లో ఒకటి మొదటి నెలలోనే ఊడి బురదపాలైంది. ఇక గుంపులో ఏ పక్షి కాలికైనా పరిశోధకులు కట్టిన గుర్తుపట్టీ కనిపిస్తే, దాని రంగును పోల్చుకోవడం వరకే ఈ బైనాక్యులర్ పని. పట్టీ మీది అక్షరాలు చదవాలంటే ముక్కాలిపీటతో టెలిస్కోపు మోసుకెళ్ళక తప్పదు.