పద్యాల సైటును వర్డ్‌ప్రెస్ నుంచి హ్యూగోకు మార్చాక

శతక పద్యాలకు ప్రతిపదార్థం, తాత్పర్యం చేర్చి అందించే చిన్న వెబ్‌సైటును 2012 నుంచి నడుపుతున్నాను. మొదటి ఎనిమిదేళ్లు అది వర్డ్‌ప్రెస్ అనే సైటు నిర్వహణ సాఫ్ట్‌వేరు మీద డైనమిక్ పేజీలతో నడిచింది. 2020లో హ్యూగో అనే సాధనం సాయంతో స్టాటిక్ పేజీలకు, అంటే ముందే తయారుచేసి పెట్టుకునే పేజీలకు మార్చాను.

వర్డ్‌ప్రెస్‌లో పాఠకుడు పేజీ అడిగినప్పుడల్లా సర్వరులో పీహెచ్‌పీ ప్రోగ్రాము నడిచి, మైఎస్‌క్యూఎల్ డేటాబేసు నుంచి పద్యాన్ని తెచ్చి, అప్పటికప్పుడు పేజీని కట్టి పంపుతుంది. నా పద్యం నిన్న ఎలా ఉందో నేడూ అలాగే ఉంటుంది, ఎవరు అడిగినా అదే పేజీ. అయినా వెయ్యిమంది అడిగితే వెయ్యిసార్లు ఆ పని జరగాలి. క్యాషె ప్లగిన్ అనే అదనపు ప్రోగ్రాముతో ఆ భారం తగ్గుతుంది కానీ, అది చేసేదీ పేజీని ఒకసారి తయారుచేసి దాచిపెట్టడమే.

ఆ ఎనిమిదేళ్లలో నన్ను ఎక్కువ బాధపెట్టినది వేగం కాదు. 2017లో హోస్టింగ్ మార్చుకున్నప్పుడు డేటాబేసు ఎగుమతిలో ఎన్‌కోడింగ్ (అక్షరాలను కంప్యూటరు భద్రపరిచే పద్ధతి) తప్పి, తెలుగంతా ప్రశ్నార్థకాల వరుసగా మారిపోయింది. పాత బ్యాకప్ దక్కింది కానీ, ఆ తర్వాత మూడు వారాల్లో చేర్చిన పద్యాలన్నీ మళ్లీ టైపు చేశాను. లింకులదీ ఇబ్బందే. చిరునామాలో ప్రతి తెలుగు సంకేతం, గుణింతమైనా పొల్లయినా సరే, 9 గుర్తులుగా మారుతుంది. వర్డ్‌ప్రెస్ 200 గుర్తుల దగ్గర కోసేస్తుంది కనుక పద్యంలో మొదటి పాదం కూడా లింకులో పూర్తిగా పట్టేది కాదు.

హ్యూగోలో ఒక్కో పద్యం ఒక్కో టెక్స్ట్ ఫైలు. వాటి నుంచి హెచ్‌టీఎంఎల్ పేజీలన్నీ నా కంప్యూటరులోనే తయారై సర్వరుకు చేరుతాయి. వెయ్యికి పైగా పేజీలున్నా కొన్ని సెకన్లు చాలు. మొదటిరోజు మాత్రం నాలుగు పాదాల పద్యం ఒకే గద్యపు వరుసగా కనబడి నా గుండె జారిపోయింది. ఆ ఫైళ్లు రాసే మార్క్‌డౌన్ అనే తేలిక పద్ధతి మామూలుగా పంక్తి విరుపును లెక్కచేయదు. కాన్ఫిగరేషన్‌లో హార్డ్‌వ్రాప్స్ అన్న ఎంపికను ఆన్ చేశాకే పాదాలు మళ్లీ విడివడ్డాయి. కొత్త వెర్షన్లు వచ్చినప్పుడు పాత థీములు చెడే అవకాశం ఉంది గనుక, నాకు పనిచేస్తున్న వెర్షన్‌నే అట్టిపెట్టుకున్నాను.

వెతుకులాట వర్డ్‌ప్రెస్‌లో సిద్ధంగా దొరికేది. ఇక్కడ పద్యాల మొదటి పాదాలను జేసన్ అనే డేటా ఫైలు ఒకదానిలో పెట్టి, బ్రౌజరులోనే వెతికే చిన్న జావాస్క్రిప్టు రాసుకోవలసి వచ్చింది. ఖాతాలు, చెల్లింపులు, గంటగంటకూ మారే సమాచారం ఉన్న సైటుకు డైనమిక్ పద్ధతే కావాలి. పాఠకులందరికీ ఒకటే కనబడే పేజీలకు మాత్రం, నెలనెలా ప్లగిన్ల నవీకరణల కోసం కాపు కాయవలసిన అవసరం లేని స్టాటిక్ పద్ధతినే నేను గట్టిగా సిఫారసు చేస్తాను.

ఈ మార్పులో నిజంగా నష్టపోయినవారు నాకు తోడుగా ఉన్న ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారు. ఇదివరకు ఆయన ఫోన్ నుంచే వర్డ్‌ప్రెస్‌లోకి లాగిన్ అయి అచ్చుతప్పులు దిద్దేవారు. ఫైళ్లలో మార్పులను నమోదుచేసే గిట్ అనే సాధనాన్ని వాడమని ఆయనను అడగలేకపోయాను. నాలుగేళ్లపాటు వాట్సాప్‌లో ఆయన పంపిన సవరణలను నేనే ఎక్కించాను. బ్రౌజరులోనే ఫైళ్లు దిద్దుకోనిచ్చే డెకాప్ సీఎంఎస్‌ను ఈ మధ్యే ఆయన కోసం అమర్చాను. మొన్న ఆదివారం ఆయన లాగిన్ అయి, ఒక కంద పద్యంలో నేను వదిలేసిన అరసున్నను చేర్చారు.