స్ప్లెండర్‌కి ఇంజన్ ఆయిల్ ఎన్ని కిలోమీటర్లకి? డెబ్బై వేలు తిరిగాక నా లెక్క ఇదీ

ముందే చెప్పేస్తా. హీరో స్ప్లెండర్ ప్లస్ లాంటి 100 సీసీ బండికి మామూలు మినరల్ ఆయిల్ పోయించి 3000 కిలోమీటర్లకోసారి మార్పించుకుంటే చాలు. 2000కే మార్చడం వల్ల నాకైతే ఏ లాభమూ కనిపించలేదు. 6000 దాకా లాగొచ్చు, కంపెనీ ఇచ్చే పుస్తకంలోనే అలా ఉంటుంది, కాకపోతే దానికో షరతు ఉంది. ఆ షరతు సగం మందికి తెలియదు, తెలిసినవాళ్లలో సగం మంది పట్టించుకోరు.

నాది 2017 మోడల్, కార్బ్యురేటర్ బండి. బీమా పాలసీల పని కాబట్టి రోజూ నరసరావుపేట నుంచి సత్తెనపల్లి వైపో, పిడుగురాళ్ల వైపో, ఒక్కోసారి రెంటచింతల దాకానో ఊళ్లు పట్టుకుని తిరగాలి. పల్నాడు ఎండ సంగతి కొత్తగా చెప్పేదేముంది, వేసవి వస్తే రెంటచింతల పేరు వార్తల్లో వినపడుతూనే ఉంటుంది. దానికి తోడు పిడుగురాళ్ల చుట్టుపక్కల సున్నపు బట్టీల దుమ్ము. రీడింగ్ డెబ్బై వేలు దాటింది. క్లచ్ ప్లేట్లు మార్పించాను, చైన్ సెట్లు మార్పించాను, బోరు పని, అంటే అరిగిన సిలిండర్ బాగుచేయించే పని, మాత్రం ఇంతవరకు రాలేదు.

ఇక ఆ షరతు. పుస్తకంలో 6000కి ఆయిల్ మార్చమని ఉంటుంది, మధ్యలో 3000 దగ్గర లెవెల్ చూసి తగ్గింది పోయమని కూడా ఉంటుంది. మన వాళ్లు మొదటి ముక్క పట్టుకుని రెండోది వదిలేస్తారు. ఈ ఇంజన్‌లో ఉండేదే లీటరు లోపు ఆయిల్. ఎండలో తిరిగే బండికి అందులో కాస్త తరిగిపోవడం మామూలే. కారులో మూడు లీటర్ల పైన ఉంటుంది కాబట్టి వంద మిల్లీలీటర్లు తగ్గినా తెలియదు. మన బండిలో అదే వంద తగ్గితే, మిగిలిన ఆయిల్ అంత వేడినీ తనే మోయాలి. 6000 లాగి ఇంజన్ పాడు చేసుకున్నామని చెప్పేవాళ్లలో చాలామంది బండ్లు పాత ఆయిల్ వల్ల కంటే తక్కువ ఆయిల్ వల్లే పోయాయని నా అనుమానం.

తమాషా ఏమిటంటే, టాప్‌అప్‌కి కావాల్సిన ఆయిల్ మనం కొన్న డబ్బాలోనే ఉంటుంది. 900 మిల్లీలీటర్ల డబ్బా ఇంజన్ మొత్తం విప్పి కట్టినప్పుడు పట్టే కొలత. మామూలుగా కింద బోల్టు తీసి వంపినప్పుడు లోపల అక్కడక్కడా కొంత ఆయిల్ మిగిలే ఉంటుంది, కాబట్టి కొత్తది అంత పట్టదు. చాలా షాపుల్లో చూసుకోకుండా డబ్బా మొత్తం బోర్లించేస్తారు. నిండుగా పోస్తే మంచిదే కదా అనుకోకండి. లెవెల్ మించితే లోపల తిరిగే భాగాలు ఆయిల్‌ని చిలికి నురగ చేస్తాయి, ఆ నురగ ఇంజన్ లోపలి ఆవిరి బయటికి పోయే బ్రీదర్ గొట్టంలోంచి ఎయిర్ ఫిల్టర్ వైపు ఎక్కుతుంది, బండి బరువుగా లాగుతున్నట్టు ఉంటుంది. నేను దగ్గరుండి పోయిస్తాను. డిప్‌స్టిక్, అంటే లెవెల్ చూసే కడ్డీ, మీద పైగీతకి కొంచెం కింద ఆపమని, మిగిలింది డబ్బాతో సహా ఇంటికి తెచ్చుకుంటాను. టాప్‌అప్‌కి వేరే కొనే పనే లేదు.

లెవెల్ చూడటం కూడా చాలామంది తప్పుగానే చూస్తారు. సైడ్ స్టాండ్ మీద చూస్తే లెక్క తప్పుతుంది. చదునైన చోట సెంటర్ స్టాండ్ వేసి, ఇంజన్ ఒక మూడు నాలుగు నిమిషాలు ఆడించి ఆపి, ఇంకో రెండు మూడు నిమిషాలు ఆగాలి. కుడివైపు మూత తిప్పి తీసి, కడ్డీని గుడ్డతో తుడిచి, మళ్లీ లోపల పెట్టాలి. ఇక్కడ మర బిగించకూడదు, ఊరికే ఆనించి తీయాలి. బిగించి తీస్తే కడ్డీ ఇంకా లోతుకి దిగుతుంది, లేని ఆయిల్ ఉన్నట్టు కనపడుతుంది. నెలకోసారి పొద్దున్నే చూసుకుంటే చాలు, టీ కాగేలోపు అయిపోతుంది.

ఆయిల్ అరిగిందని నాకు మొదట చెప్పేది గేరే. రైల్వే గేటు పడినప్పుడు బండి వేడి మీద ఉంటుంది కదా, అప్పుడు న్యూట్రల్ వేసి చూడండి. కొత్త ఆయిల్ మీద కాలి వేలితో నొక్కితే పడుతుంది. 3000 దాటుతుంటే ఒకటి నుంచి రెండుకి, రెండు నుంచి ఒకటికి ఎగురుతుంది తప్ప మధ్యలో నిలవదు. గేరు పడేటప్పుడు టక్‌మని చప్పుడు, చల్లటి ఇంజన్ మీద వినిపించని ట్యాపెట్ సౌండు (వాల్వుల దగ్గర వచ్చే టకటక) మధ్యాహ్నానికి తేలడం, ఇవన్నీ దాని వెనకాలే వస్తాయి. దీనికి కారణముంది. కారులో గేర్‌బాక్సుకి వేరే ఆయిల్, ఇంజన్‌కి వేరే ఆయిల్. మన బండిలో పిస్టన్‌కీ, గేర్లకీ, క్లచ్‌కీ ఆ ఒక్క ఆయిలే. గేరు పళ్ల మధ్య నలిగి నలిగి దాని చిక్కదనం పడిపోతుంది.

రంగు చూసి మాత్రం భయపడొద్దు. మార్చిన కొద్ది రోజులకే నల్లబడింది, నకిలీ ఆయిల్ పోశారు అని గొడవపడేవాళ్లని చూశాను. లోపలి మసిని తనలో కలుపుకుని తిరగడం ఆయిల్ పనిలో భాగమే, నల్లబడిందంటే ఆ పని జరుగుతోందని. వేళ్ల మధ్య రుద్దితే ఇసకలా తగిలినా, లోహపు మెరుపు కనిపించినా అప్పుడు ఆలోచించాలి. కొత్త బండిలో మొదటి సర్వీసుకి, అంటే 500-750 కిలోమీటర్ల మధ్య, ఆ మెరుపు ఉండొచ్చు. గేరు పళ్లూ పిస్టన్ రింగులూ ఒకదానికొకటి సర్దుకునేటప్పుడు రాలే పొడి అది. ఆ మొదటి మార్పు ఒక్కటీ వాయిదా వేయొద్దు.

గ్రేడు, అంటే ఆయిల్ చిక్కదనం, విషయానికొస్తే, పుస్తకంలో ఉన్నది 10డబ్ల్యూ-30. మా మెకానిక్ భాయ్ మంచి పనిమంతుడే కానీ ఎండాకాలం వచ్చిందంటే "సార్, ఈసారి 20డబ్ల్యూ-40 కొడదాం, చిక్కగా ఉంటది" అంటాడు. ఒక వేసవి ఆయన మాట మీద పోయించాను. ట్యాపెట్ సౌండు తగ్గిన మాట నిజం. పొద్దున కిక్ బరువైంది, పికప్ మందగించింది. బాగా అరిగి పొగ మొదలైన పాత బండ్లకైతే ఆ చిక్కదనం పనికొస్తుందేమో, నా ఇంజన్‌కి అక్కర్లేదనిపించి మళ్లీ 10డబ్ల్యూ-30కే వచ్చేశాను. ఫుల్ సింథటిక్ కూడా వాడి చూశాను. గేర్లు వెన్నలా పడ్డాయి, ఆ హాయి ఎక్కువ రోజులు నిలిచింది కూడా. అయితే ధర రెట్టింపు పైమాట, లెవెల్ చూడటం మాత్రం తప్పలేదు. హైవే మీద గంటల తరబడి పెద్ద ఇంజన్ నడిపేవాళ్లకి సరే, 100 సీసీకి అంత అవసరం లేదు.

ఏ కంపెనీ ఆయిల్ అన్నది నేను పెద్దగా పట్టించుకోను. డబ్బా మీద జాసో ఎంఏ అనో ఎంఏ2 అనో (గేర్ల బండికి పనికొస్తుందని చెప్పే గుర్తులవి) ఉందా లేదా అన్నదే చూస్తాను. ఎంబీ అని ఉంటే అది స్కూటర్ల ఆయిల్. గేర్ల బండిలో క్లచ్ ప్లేట్లు ఆయిల్‌లోనే మునిగి ఉంటాయి, ఎంబీ ఆయిల్ పోస్తే అవి జారే ప్రమాదముంది. ఇంట్లో మిగిలింది కదా అని కారు ఆయిల్ పోసినా అదే తంతు.

ఒక షాపులో, పేరెందుకులే, సర్వీసు బిల్లులో ఆయిల్ ఫిల్టర్ మార్చామని రాశారు. నా బండికి పల్సర్‌లో లాగా మార్చే కాగితం ఫిల్టరే లేదు. లోపల ఒక జల్లెడ ఉంటుంది, తిరుగుతూ మడ్డిని పక్కకి నెట్టే సెంట్రిఫ్యూగల్ ఫిల్టర్ ఉంటుంది. రెండూ కడిగేవే. కడగాలంటే కుడివైపు క్లచ్ కవర్ విప్పాలి కాబట్టి క్లచ్ పని పడినప్పుడు చేయిస్తాను. ఆ షాపువాళ్లని మార్చిన ఫిల్టర్ చూపించమంటే ఎయిర్ ఫిల్టర్ అట్టపెట్టె చూపించారు. ఆ వంకన ఇంకోటి చెప్పాలి: దుమ్ము రోడ్ల మీద తిరిగేవాళ్లకి ఎయిర్ ఫిల్టర్ కూడా ఇంజన్ ఆయిల్ అంత ముఖ్యమే. అక్కడ జారిన దుమ్మే సిలిండర్ దాటి ఆయిల్‌లో కలిసి ఇంజన్‌ని గీకుతుంది.

ఖర్చు చూద్దాం. డబ్బా నాలుగు వందలకి అటూ ఇటూ. 3000కి మారిస్తే కిలోమీటరుకి పదమూడు పైసలు, 2000కి మారిస్తే ఇరవై. లీటరు పెట్రోలు 110 దగ్గర ఉండి బండి అరవై ఇస్తుంటే కిలోమీటరుకి రూపాయి ఎనభై పైసలు దానికే పోతోంది. ఏడు పైసల కోసం ఎవరితోనూ వాదించను. ఎందుకైనా మంచిదని 2000కి మార్చుకునేవాళ్లు మార్చుకోండి, ఇంజన్‌కి నష్టమేమీ లేదు.

కింద డ్రెయిన్ బోల్టు మీద మాత్రం కన్నేసి ఉంచండి. 17 నంబర్ స్పానర్‌కి పైపు తొడిగి బిగించే కుర్రాళ్లుంటారు. అల్యూమినియం కేసింగ్‌లో మరలు పోతే ఆయిల్ కంటే ఎన్నో రెట్లు ఖర్చు. వాషర్ నలిగితే కొత్తది వేయించుకోవాలి, అది రూపాయల్లో పని.

పెద్దగా తిరగని బండ్లది వేరే లెక్క. మా నాన్నగారు పాత ప్యాషన్ మీద పొద్దున పాల కేంద్రానికి, సాయంత్రం గుడికి వెళ్లొస్తారు, అంతే. ఇంజన్ పూర్తిగా వేడెక్కేలోపే ఆపేస్తారు కాబట్టి లోపల చేరిన తేమ, పెట్రోలు ఆవిరి బయటికి పోవు. చలికాలంలో ఆయిల్ మూత విప్పితే లోపలివైపు మీగడలాంటి తెల్లటి పొర అంటుకుని ఉంటుంది. రీడింగ్ వెయ్యి కూడా తిరగలేదని ఆయన ఒప్పుకోరు గానీ, ఏటా సంక్రాంతికి ముందు నేనే తీసుకెళ్లి మార్పించేస్తాను. పాత ఆయిల్ మెకానిక్ షాపు డ్రమ్ములోకే పోయిస్తాను, దాన్ని కొనుక్కెళ్లేవాళ్లు ఉన్నారు. ఇంట్లో మార్చుకునేవాళ్లు కూడా డబ్బాలో పట్టి అక్కడే ఇవ్వండి, మురిక్కాలవలో పోయొద్దు. ఖాళీ డబ్బాకి మాత్రం మేకుతో రెండు చిల్లులు పొడిచి పడేయండి, మళ్లీ నింపి అమ్మేవాళ్ల చేతికి చిక్కకుండా.